రేణిగుంట ఎంత దూరం

“చీపురు కింద పెట్టు పద్మా. మా సాయితేజ చేరేదాక ఇల్లు ఊకద్దు.”

ఇంద్రమ్మ గొంతు పెంచలేదు. అయినా పక్కింటి పద్మ చీపురును తలుపు వెనక్కి నెట్టింది. సిరిసిల్లలో ఆ వాడకట్టు నిండా ఎప్పుడూ మరమగ్గాల చప్పుడే. ఆ రోజు మాత్రం ఈ ఇంటి మగ్గాలూ, ఇరుపక్కల మగ్గాలూ ఆగి ఉన్నాయి.

“పొద్దుగూకే వరకు కోరుట్లోళ్లు, జగిత్యాలోళ్లు దిగుతరక్కా. దుమ్ముల కూసోబెడ్తవా?”

“కూసుంటరు తియ్. ఊరికి పోయినోడు చేరకముందే ఊకితే మంచిది కాదని నీకు తెల్వదా?”

కూతురు అలేఖ్య ఫోన్‌లో చూస్తోంది. ఇంట్లో డిగ్రీ చదివింది తనొక్కతే. ఇలాంటివన్నీ తననే అడుగుతారు.

“బేగంపేట నుంచి గా తిరుపతి కాడి రేణిగుంట ఎంత దూరం బిడ్డా?”

“రోడ్డు మీదైతే ఆరువందల కిలోమీటర్లకు కొంచెం తక్కువ. గాలిల నాలుగువందల నలభై.”

“గాలిల తగ్గుతదా?”

“మలుపులుండయి గదమ్మా. గంట, గంటుంబావు పడ్తదట.”

“దిగినంక?”

“బండి తయారుగ ఉంటదట.”

ఇంద్రమ్మ కొంగు అంచును వేలికి చుట్టుకుంది. “నాలుగు గంటలు దాటితే పోయినా ఫాయిదా లేదన్నరు. గప్పుడు నేను ఒప్పుకున్నదంతా వట్టిదే అయితది.”

పద్మ ఆమె పక్కనే చతికిలబడింది. “కోరుట్ల బావ అప్పుడే మొత్తుకుంటున్నడట. ఇంటా వంటా లేని పనని. నువ్వు వద్దంటే ఆగిపోవు గదక్కా.”

“ఎట్ల వద్దంట? గా పిల్ల అక్కడ తయారై ఉన్నదట. పొద్దటి సంది మంచినీళ్లు గూడ ముట్టలేదట.”

“పేరేంది పిల్లది?”

“చెప్పరట. మనల్ని రానియ్యరట.”

ఇంద్రమ్మ గడప వైపు చూసింది. తర్వాత అంది, “వేములవాడ బస్సెక్కితేనే కక్కుకునేటోడు. విమానం పడ్తదో పడదో.”

పద్మ నవ్వబోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఫోన్ మోగింది. నాన్న వెంకటి. పొద్దున కొడుకు తల నిమిరి ఇంద్రమ్మ ఇంటికి వచ్చేసింది కానీ, ఆయన హైదరాబాద్‌లోనే ఉండిపోయాడు.

“లేసింది బిడ్డా,” అన్నాడు. “మబ్బులున్నయని కొంచెం లేటైంది.”

“అందుతదా బాపు?”

“అందాలె.”

అలేఖ్య గడియారం చూడటం మానేసి అమ్మ చేయి పట్టుకుంది. పద్మ చాయ్ పెట్టి తెచ్చింది. అది అలాగే మీగడ కట్టింది.

మళ్లీ ఫోన్. “దిగింది. బండి ఉరికింది. టైముకే చేరిండ్రట.”

ఇంద్రమ్మ లేచి తానే చీపురు తీసుకుంది. లోపలి అర్ర నుంచి గడప దాకా ఊడ్చి, ఆ గడప మీదే కూలబడి ఏడ్చింది. పద్మ ఆమెను లేపలేదు.

పొద్దుగూకుతుండగా వెంకటి మరోసారి చేశాడు.

“సిద్దిపేట దాటినం. తిరుపతి నుంచి ఇప్పుడే చెప్పిండ్రు. నాకు నోరు వస్తలేదు బిడ్డా, మీ అమ్మకు నువ్వే చెప్పు.”

అలేఖ్య అమ్మ పక్కన కూర్చుంది. చెవి దగ్గరికి వంగి చెప్పింది.

సాయితేజ గుండె ఆ అమ్మాయిలో కొట్టుకుంటోంది.