చెక్క మీద పెన్సిలు అంకె

"అగ్గిపుల్ల గీయకండి మదామ్, మీకు పుణ్యముంటుంది! ఒక్క పది నిమిషాలు ఆగండి!"

గిస్లాన్ కారు తలుపైనా వెయ్యకుండా బురదలో పరుగెత్తుకొచ్చాడు. గడ్డికొట్టం గుమ్మంలో ఎనభై నాలుగేళ్ళ ఓడెట్ నిలబడి ఉంది. ఒక చేతిలో డీజిల్ డబ్బా, ఇంకో చేతిలో అగ్గిపెట్టె. ఆవిడ వెనకాల, మోకాలెత్తు దుమ్ములో, చిన్న చెక్క విమానం. రెక్కలు రెండూ ఊడదీసి గోడకి చేరేసి ఉన్నాయి. ఇలాంటివి ఒకప్పుడు నలభై చేశారు. ఇప్పుడు దేశం మొత్తానికి మూడే మిగిలాయని గిస్లాన్ అనుకుంటున్నాడు. నాలుగోది ఇదిగో, కాలిపోబోతోంది.

"మొన్న ఫోను చేసింది నువ్వేనా? మా ఆయన్ని మట్టిలో పెట్టి వారం కాలేదు. పేపర్లో చావు కబురు చూసి దిగబడ్డావన్నమాట!"

"తప్పే మదామ్. ఏం చెయ్యను, ఇవి దొరికేది అలాగే. ముసలి పైలట్ పోతే గానీ కొట్టం తలుపు తెరుచుకోదు."

"రాబందులూ అలాగే వస్తాయి నాయనా. పెళ్ళాం బిడ్డలు లేరా నీకు?"

"ఉన్నారు. వాళ్ళూ ఇదే మాటంటారు."

ఓడెట్ నవ్వలేదు. అలాగని తిట్టనూ లేదు. డబ్బా మూత మాత్రం విప్పింది.

"అసలెందుకు కాల్చడం?" గిస్లాన్ విమానానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"మాటిచ్చాను. 'ఎవరి కంటా పడకముందే తగలబెట్టేయ్ ఓడెట్' అన్నాడు ఫెర్నాన్, ప్రాణం పోయే ముందు. అరవై ఏళ్ళ కాపురంలో ఆయన నన్నడిగింది అదొక్కటే. ఆయనకి ఇలాంటివి రెండుండేవి. ఒకటి ఊళ్ళో విమానాల క్లబ్బుకిచ్చేశాడు. ఇది మాత్రం దాచాడు. దాచి ఏం లాభం, నలభై ఏళ్ళు దాటింది, ఈ గడప తొక్కితే ఒట్టు. చచ్చినవాళ్ళ పండగనాడు మాత్రం రెండు చామంతి కుండీలు కొనేవాడు. ఒకటి సమాధుల దగ్గరకి, ఒకటి ఈ గుమ్మంలోకి."

గిస్లాన్ టోపీ తీశాడు. "విమానమంటే అంత ప్రేమా!"

ఓడెట్ అతని ముఖంకేసి చూసింది, తర్వాత చంకలో ఉన్న లావుపాటి పుస్తకంకేసి. "ఆ పుస్తకంలో ఏం రాసుకుంటావు?"

"ఏ నంబరు విమానం ఎక్కడ పుట్టింది, ఎక్కడ పోయింది. అన్నీ రాస్తాను."

"మనుషుల పేర్లు?"

"ఉండవు మదామ్. మనుషుల్ని రాసుకునేవాళ్ళు వేరే ఉన్నారుగా."

"సరే, పది నిమిషాలు. తర్వాత కాల్చడం కాల్చడమే." బోర్లించిన బాల్చీ మీద కూలబడింది.

గిస్లాన్ ముందు సీటు కింద కొట్టిన నంబరు రేకు తుడిచాడు. ముప్ఫై ఒకటి. పుస్తకం తిరగేశాడు. ముప్ఫై ఒకటో నంబరు: రెక్కల్లో బంక వదిలేసింది, ఎగరనివ్వొద్దని అధికారులు కాగితమిచ్చారు. నిట్టూర్చాడు. అయినా అలవాటు పోదు కదా, రెక్క మీద గుడ్డ చిరిగినచోట టార్చి వేసి లోపలికి తల దూర్చాడు.

"రేకుదేముంది మదామ్, నాలుగు మేకులు పీకితే ఊడొస్తుంది. ఆ కార్ఖానా వడ్రంగులు ప్రతి చెక్క మీదా పెన్సిలుతో నంబరు రాసి మరీ అతికించేవాళ్ళు. దాన్ని మార్చాలంటే రెక్క మొత్తం విరగ్గొట్టాల్సిందే..."

మాట మధ్యలో ఆగింది. తర్వాత కేక పెట్టాడు.

"పద్నాలుగు! ఇది ముప్ఫై ఒకటి కాదు మదామ్, పద్నాలుగు! అన్నిటి మీదా పద్నాలుగే! బంక రాయిలా ఉంది. ఇవాళ రెక్కలు బిగించి చక్రాలకి గాలి కొడితే రేపు ఎగురుతుంది!"

"పద్నాలుగైతే ఏమిటి?"

"నా పుస్తకంలో అది ఎప్పుడో పోయింది! డెబ్భై ఏడులో క్లబ్బువాళ్ళది. బీటుదుంపల చేలో పడింది. గాల్లోనే రెక్క ఊడిందన్నారు. కుర్రవాడెవడో గిరుక్కున తిప్పేశాడు, తప్పు వాడిదేనన్నారు. నేనూ అదే రాశాను. కానీ పద్నాలుగు ఇక్కడ బతికే ఉంది!"

ఓడెట్ లేచి నిలబడింది. "మరి ఆ రోజు పడిందేది?"

"ముప్ఫై ఒకటి," అన్నాడు గిస్లాన్, ఇంకా సంబరంగానే. "ఎగరనివ్వొద్దన్నదే. ఎవడో రేకులు మార్చేసి, పాడైనదాన్ని క్లబ్బుకి అంటగట్టి, మంచిదాన్ని తన దగ్గరే..."

ఆ 'ఎవడో' ఫెర్నానేనని అప్పుడు తట్టింది అతనికి. టార్చి ఆర్పేశాడు. గుమ్మంలో చామంతి కుండీ వంక చూడలేకపోయాడు.

"అయితే నడిపినవాడి తప్పు లేదన్నమాట?" అడిగింది ఓడెట్.

"లేదు మదామ్. ఆ రెక్కతో ఎవడెక్కినా పడేవాడే."

ఓడెట్ అగ్గిపెట్టె ఏప్రన్ జేబులో వేసుకుంది. డీజిల్ డబ్బాకి మూత బిగించింది. చాలాసేపు బిగిస్తూనే ఉంది.

"కలం తియ్యి. నీ పుస్తకంలో ఇవాళ ఒక్క మనిషి పేరు రాయాలి. రెమీ. పందొమ్మిదేళ్ళు. తప్పు వాడిది కాదని కూడా రాయి."

"మీకు తెలిసినవాడా?"

"మా అబ్బాయి. పైలట్ పరీక్ష పాసైన రోజు ఇద్దామని వాళ్ళ నాన్న ఈ మంచిదాన్ని వాడికోసం దాచాడు, పరీక్షకి క్లబ్బువాళ్ళు వాణ్ణి ఆ రెండోదాంట్లో ఎక్కించారు."