భార్యే చంపిందట

“చంపింది భార్యే. ఇందులో ఇంక అనుమానమేం లేదు,” అన్నాడు పళ్ళ డాక్టరు, చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ.

పుస్తకాల షాపు మేడమీద గదిలో ఆ ఆదివారం మధ్యాహ్నం కుర్చీలన్నీ నిండిపోయాయి. ఎటూ తేలని హత్యల గురించి చదవడం, చదివింది వాదించుకోవడం వాళ్ళ సరదా. వారమంతా జనం నోళ్ళలోకి తొంగిచూసే డాక్టరుకి, ఈ గదిలో అడుగుపెడితే చాలు, తనంత డిటెక్టివు లేడని నమ్మకం. నల్లబల్ల మీద కళ్ళజోళ్ళ షాపు ప్లాను ఆయనే గీశాడు. ఇది కౌంటరు, ఇది వెనకగది. వెనకగదిలో శవం పడి ఉన్నచోట ఇంత లావు ఇంటూ గుర్తు.

కొత్తగా వచ్చిన పుస్తకం ఆ హత్య గురించే. పదేళ్ళ కిందట ఆ షాపు యజమానిని ఎవరో తలమీద కొట్టి చంపారు. పోలీసులు భార్యని పిలిచారు, అడిగారు, సాక్ష్యం దొరక్క వదిలేశారు. రచయిత మాత్రం వదల్లేదు. పుస్తకం నిండా ఆవిడే.

“మొగుడి శవం ముందు కంట తడి పెట్టలేదట,” అన్నాడు ఇన్సూరెన్సు ఆఫీసరు. “గుండె కాదండీ, బండ!”

“ఏడ్చే మనిషి ఆ ఇంట్లో ఇంకొకరున్నారు,” అంది వెనకనుంచి ఓ గొంతు. “ఇద్దరూ కూలబడితే పట్టుకునేదెవరు?”

అందరూ తిరిగి చూశారు. ఆఖరి వరసలో, గోడవార, బూడిదరంగు స్వెట్టరు వేసుకున్న పెద్దావిడ. ఒళ్ళో అదే పుస్తకం. బయట వాన పడుతోంది కదా, తలదాచుకోవడానికి వచ్చి కూర్చుందనుకున్నాడు డాక్టరు ఇంతసేపూ.

“మరి వారం తిరక్కుండా షాపు తెరిచి కూర్చుందే?” అన్నాడు ఆఫీసరు.

“ఇంట్లో మంచం పట్టిన మనిషికి మందులెవరు తెస్తారు? మీ రచయితా?”

ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. డాక్టరుకి ఆ నవ్వు రుచించలేదు. అన్నిటిలోకీ పదునైన ఆధారం తనే తీశాడు.

“చచ్చినవాడి బట్టలు, బూట్లు మూటగట్టి ఎవరికో ఇచ్చేసింది. ఆనవాలు లేకుండా చేసింది. దానికేమంటారు?”

“గుమ్మంలో ఆ బూట్లు కనపడ్డప్పుడల్లా ఆ ఇంట్లో ఓ మనిషి స్పృహతప్పి పడిపోయేది. అందుకని తీసేసింది. దాచుకుంటే ప్రేమా, తీసేస్తే హత్యా?”

పెద్దావిడ గొంతు పెద్దదేం కాదు. అయితే అందులో బతిమాలడం ఏ కోశానా లేదు.

అంతవరకూ ఊరుకున్న కాలేజీ లెక్చరరు కుర్చీలో సర్దుకుంది.

“మీ జాలంతా ఆ భార్య మీదేనా? పోయినవాడి తల్లి సంగతేమిటండీ? చెట్టంత కొడుకు పోయాడు. ఈ రచయిత మాట్లాడిద్దామని వెళ్తే మొహాన తలుపేశారట. కోడలికి జడిసి నోరు కుట్టేసుకుని బతుకుతోందని రాశాడాయన. ఆవిడ కడుపుకోత ఎవరికి పట్టింది?”

“మనకి పట్టింది,” అందుకున్నాడు డాక్టరు. “వచ్చే ఆదివారం అందరం ఆ షాపుకే పోదాం. కెమెరా పెట్టి ఆ భార్యని మొహమ్మీదే అడుగుదాం. ఆ తల్లికి న్యాయం జరగాలి!”

చప్పట్లు మోగాయి.

“ఆ తల్లి మిమ్మల్ని పంపిందా?” అంది పెద్దావిడ.

చప్పట్లు ఆగిపోయాయి.

“ఈ పుస్తకం వచ్చాక ఆ పిల్ల షాపు అద్దం పగలగొట్టారు. తలుపు నిండా హంతకురాలని ఎర్రరంగుతో రాశారు. గోకి, కడిగి, మళ్ళీ షాపు తెరిచింది. మీరు కెమెరా తెస్తే జడుసుకుని పారిపోతుందనుకున్నారా?”

ఆవిడ లేచింది. కుర్చీల మధ్యనుంచి తిన్నగా నల్లబల్ల దగ్గరికి నడిచింది. ఇంటూ గుర్తు మీద అరచెయ్యి ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత బరబరా తుడిచేసింది.

“ఏమిటండీ ఈ దౌర్జన్యం!” అన్నాడు డాక్టరు.

“ఇక్కడ పడిపోయినవాడు మనిషి. లెక్కల్లో గుర్తు కాదు.”

అప్పుడు తట్టింది డాక్టరుకి. కోపమంతా ఎగిరిపోయి కళ్ళు మెరిశాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక నిజాన్ని తనంతట తను, కళ్ళెదుట, పట్టుకున్నాడు.

“అర్థమైంది! ఇంట్లో సంగతులన్నీ పూస గుచ్చినట్టు చెబుతున్నారు. ఆ అమ్మాయి మీద ఈగ వాలనివ్వడం లేదు. మీరు ఆవిడ కన్నతల్లి!”

గదంతా గుసగుసలు. లెక్చరరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు గెలిచినవాడి ధీమాతో గొంతు మెత్తన చేసుకున్నాడు.

“మిమ్మల్ని తప్పుపట్టనమ్మా. కాకిపిల్ల కాకికి ముద్దు. కడుపున పుట్టినదాన్ని హంతకురాలంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది?”

పెద్దావిడ చేతికంటిన సుద్ద తుడుచుకోలేదు. తలుపు దాకా నడిచి, వెనుదిరిగి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“వచ్చే ఆదివారం తప్పకుండా రండి. షాపు వాకిట్లో కుర్చీ వేసుకుని నేనే కూర్చుంటాను. ఆ కెమెరా నా మొహాన పెట్టండి. అడగాలనుకున్నదంతా నన్నే అడగండి,” అని, డాక్టరు కళ్ళలోకి సూటిగా చూసింది.

“అయితే ఒక్కటి గుర్తుపెట్టుకో నాయనా, నేను కన్నది ఆ పిల్లని కాదు, ఆ పోయినవాణ్ణి.”