లేవని లోసలీని

"లేవవే! అందరూ వెళ్తున్నారు," అంటూ కెలేరా చెయ్యి పట్టుకుని లాగింది.

లోసలీని లేవలేదు. చాపకు అంటుకుపోయినట్టు కూర్చుంది. ఒవలావు దీవిలో మూడు రోజులుగా జరుగుతున్న యువజన కూటాలకు అది ఆఖరి సాయంత్రం. "యేసుకు జీవితాన్ని అప్పగించాలనుకునేవాళ్ళు ముందుకు రండి" అని పాస్టరు నెమాని పిలిచి రెండు నిమిషాలైనా కాలేదు. మొదట ఒకడు లేచాడు. వాణ్ణి చూసి ముగ్గురు. ఆ ముగ్గుర్ని చూసి పదిమంది. గిటారు మెల్లగా మోగుతోంది. హాలు వెనక, వేడిరాళ్ళు పరిచిన లోవో గుంటలో కాలుతున్న పంది మాంసం, కర్రపెండలం వాసన అందరి ముక్కుల్నీ ఊరిస్తోంది.

"నువ్వెళ్ళు. నేను రాను," అంది లోసలీని.

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. కిందటేడు నువ్వు లాగావని వెళ్ళాను. అంతకు ముందేడు నీ చెల్లెలు ఏడుస్తుంటే చూసి వెళ్ళాను. రెండుసార్లూ సోమవారానికల్లా మళ్ళీ మామూలే. ఈసారి నిజంగా అనిపిస్తేనే వెళ్తా."

"ఇంకా ఏమీ అనిపించలేదా?"

"నువ్విలా లాగుతుంటే ఏమనిపిస్తుందే, చెయ్యి నొప్పి తప్ప!"

కెలేరా నవ్వలేదు. గొంతు తగ్గించి, "అటు చూడు. అపకూకి మాస్టారు నిన్నే చూస్తున్నారు. ముందుకు రాని పిల్లకి సువాలో పాట ఇస్తారనుకున్నావా?" అంది.

లోసలీని మాస్టారి వైపు ఓరగా చూసింది. వచ్చే నెల రాజధాని సువాలో జరిగే పెద్ద సభలో, మొత్తం గాయక బృందం ఆగిపోయాక, ఆమె ఒక్కతే పాడాల్సిన చరణం ఒకటుంది. ఆ చరణం కోసం ఆమె కలలో కూడా సాధన చేస్తోంది. బృందానికి పెద్ద అపకూకి మాస్టారే. పిల్లలకు ఆదర్శంగా ఉండాలని కాబోలు, ఆయన కూడా ముందుకెళ్ళి మొదటి వరసలోనే నిలబడ్డారు.

అయినా ఆమె కదల్లేదు. పాట పోతుందని వెళ్తే అది మాస్టారి దగ్గరికి వెళ్ళినట్టే గాని దేవుడి దగ్గరికి వెళ్ళినట్టు కాదు కదా అనుకుంది.

ఇసిమేలి పక్క నుంచి పోతూ ఆగాడు. నిన్ననే కొబ్బరిచెట్ల వెనక సిగరెట్టుతో దొరికిపోయిన మహానుభావుడు. "ఏంటమ్మా, సాతానుకి తోడు కూర్చున్నావా? కూర్చో కూర్చో, పాపం వాడికి మాత్రం ఎవరున్నారు!" అన్నాడు. వాడి వెనక ఇద్దరు కిసుక్కుమన్నారు.

"నీ ఇష్టమే తల్లీ, తర్వాత నన్ననకు," అని కెలేరా కూడా వెళ్ళిపోయింది.

ముందు నలభైమంది. వెనక అన్ని చాపల మీదా కలిపి లోసలీని ఒక్కతే. చెవులు వేడెక్కాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ప్రభువా, నీ మీద నాకేం కోపం లేదు. వీళ్ళు కాస్త ఊరుకుంటే నీతో మాట్లాడదామనే నా బాధ," అని లోపల్లోపల చెప్పుకుంది.

"లోసలీనీ! నిన్ను ప్రత్యేకంగా పిలవాలా? సువాకి ఇంకో పిల్లని చూసుకోమంటావా?" అని మాస్టారు అందరికీ వినబడేలా అన్నారు.

పాస్టరు చెయ్యెత్తి గిటారు ఆపించారు. మెల్లగా వచ్చి ఆమె చాప మీదే చతికిలబడ్డారు. "ఏమ్మా, రావాలని లేదా?"

"ఉంది పాస్టరుగారూ. కానీ నా అంతట నేను రావాలి. వీళ్ళు చూస్తున్నారని వస్తే ఆయనకి అబద్ధం చెప్పినట్టే కదండీ."

నలభైమందిని చూసి పొంగిపోయి ఉన్న ఆ పెద్దాయన ముఖం కాస్త చిన్నబోయింది. గడ్డం గోక్కుంటూ లేచి పిల్లల వైపు తిరిగారు.

"పిల్లలూ, దేవుడు మందని కర్రపెట్టి తోలడు. ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలుస్తాడు. పక్కవాడు లేచాడని లేచినవాళ్ళుంటే వెనక్కెళ్ళి కూర్చోండి. నేనేమీ అనుకోను. భోజనం అందరికీ పెడతాం."

ఎవరూ కదల్లేదు. ఇసిమేలి బుర్ర గోక్కున్నాడు. చివరికి వాడే గట్టిగా ఊపిరి వదిలి వెనక్కి నడిచాడు. వాణ్ణి చూసి ఇద్దరు. ఆ ఇద్దర్ని చూసి ఎనిమిది మంది. గొర్రెదాటు అంటారే, సరిగ్గా అదే. నిజంగా పిలుపు విన్నవాళ్ళు వాళ్ళలో ఎందరున్నారో గాని, ఒంటరిగా మిగిలిపోతామన్న సిగ్గుతో వాళ్ళూ వచ్చేశారు. అందరికన్నా చివర అపకూకి మాస్టారు, నడుముకు చుట్టుకున్న సులు సర్దుకుంటూ, ఎవరి ముఖమూ చూడకుండా వచ్చి ఓ మూల కూర్చున్నారు.

కెలేరా వచ్చి లోసలీని పక్కన కూలబడింది. "హమ్మయ్య! ఇక నిన్నెవరూ ఏమీ అనరులే. అందరం ఒకటే."

హాలంతా నిశ్శబ్దం. లాగేవాళ్ళు లేరు. వెక్కిరించేవాళ్ళు లేరు. అందరూ తలలు దించుకుని ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకుంటున్నారు. లోసలీని మనసు తేలికపడింది. ఎప్పుడూ లేనంత హాయిగా ఉంది. కళ్ళు తుడుచుకుని, లేచి నిలబడింది.

కెలేరా కంగారుగా మళ్ళీ చెయ్యి పట్టుకుంది. "ఒసేయ్, ఎక్కడికే? అందరం వెనక్కొచ్చేశాం కదే! ముందు ఒక్కరు కూడా లేరు!"

"అందుకేనే," అని చెయ్యి విడిపించుకుని లోసలీని ముందుకు నడిచింది.