వెనక సీటు

“హెల్మెట్‌కి ముందువైపు కాదు బాబూ, వెనకవైపు బిగించు,” అందావిడ.

కెమెరాల కొట్టు అతను హెల్మెట్‌కి చిన్న కెమెరా బిగించబోతూ ఆగాడు. “వెనక్కి పెడితే రోడ్డు కనపడదమ్మా.”

“రోడ్డు నేను చూసుకుంటాగా. నిన్ననే లైసెన్సు వచ్చింది. ముప్పై ఏళ్లు మా ఆయన వెనక కూర్చున్నాను. మెల్లిగా పోనివ్వండీ అంటే ఒక్కసారి విన్న పాపాన పోలేదు. రేపు స్కూటర్ నాది, వెనక సీటు ఆయనది. ఆయన మొహం ఇందులో పడాలి.”

అతనికి నవ్వొచ్చింది. “అయితే మైకుకి ఈ స్పాంజి తొడుగు కూడా తీసుకోండి. గాలి హోరు తగ్గి మాట స్పష్టంగా వినిపిస్తుంది.”

“ఇవ్వు. ఆయన ‘మెల్లిగా’ అనే మాట పొల్లుపోకూడదు.”

“ఇంకోటమ్మా. బండి ఎంత కుదిపినా ఇందులో బొమ్మ వణకదు.”

“అది ఆపెయ్యి. వణకాలి.”

బయట స్కూటర్ మీద కూర్చున్న వాళ్లాయన తొందరపెడుతూ హారన్ కొట్టాడు. ఆవిడ తాపీగా సంచీ సర్దుకుంది.

“మీ ఆవిడా నీ బండి వెనకే కూర్చుంటుందా?”

“అవునమ్మా.”

“ఏమంటూ ఉంటుంది?”

“ఏదో అంటూనే ఉంటుందమ్మా. గాలికి సరిగ్గా వినపడదు.”

ఆవిడ తన స్పాంజి తొడుగు సంచీలోంచి తీసి, అతని ముందు పెట్టింది.

“ఇది నువ్వుంచుకో. నాకు ఇంకోటివ్వు.”