బోణీ ఎవరిది

ఆ ఉదయం బొబ్బిలిలో ముసురు పట్టింది. నేను దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి, పోయిన మా చిన్న తమ్ముడి భార్య అరుణశ్రీ తడిసిన చీరతోనే మా బట్టల కొట్టు తెరిచి, బోణీ బిల్లు కొట్టేసింది. వానపడితే తను తప్ప ఇంట్లో ఎవరూ కదలరు.

కొట్టుకి రెండు సాఫ్ట్‌వేర్లు తెప్పించి నెల రోజులుగా వాడి చూస్తున్నాం. ఒకటి బిల్లు మాత్రమే కొడుతుంది. రెండోది బోణీ ఎవరు చేశారో, ఆ రోజు బేరం ఎలా సాగిందో కూడా చూపిస్తుంది.

"రెండోదే కొందాం వదినా. నాను సేసిన పని అందరికీ కనిపిస్తాది," అంది అరుణశ్రీ.

మధ్యాహ్నం పెద్ద తమ్ముడు జగన్నాధం కంప్యూటర్లో ఆ రెండోదే తెరిచాడు.

"సూడక్కా, ఈవిడ బోణీ సేసిన రోజు ఒక్కనాడూ బేరం లేదు. మనిసి అబద్ధం సెప్తాది గానీ కంప్యూటర్ సెప్పదు కదా."

"అవన్నీ వాన రోజులు బావగారూ."

"వాన మీదకి నెట్టకమ్మా. మా తమ్ముడున్నప్పుడూ వానలు పడ్డాయి."

సాయంత్రం అందరం కూర్చుని తేల్చాం. రెండో సాఫ్ట్‌వేరే కొనాలి. అరుణశ్రీ వెనక గదిలో చీరలు మడతపెట్టుకోవాలి. బోణీ ముత్తయిదువ చేత్తో జరగాలి గనుక గల్లా దగ్గర నేను కూర్చోవాలి. ఏ మీట ఎప్పుడు నొక్కాలో, రేపు కొట్టు తెరిచేలోగా అరుణశ్రీయే నాకు నేర్పాలి.