పాట అడుగున గుసగుస

పదకొండోసారి కూడా ఆ గుసగుస వినిపించింది.

స్వరకర్త హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పడేసింది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

పాతికేళ్ల కిందట పోయిన ఒపెరా గాయని ఆఖరి కచేరీ అది. మూతపడ్డ థియేటర్ గోదాములో దొరికిన టేపు. ఆ గొంతుకి తన సింథసైజర్ మోతలూ, యంత్రాల హోరూ జోడించి కొత్త కచేరీ చేయబోతోంది.

గొంతు మహాద్భుతం. కానీ ప్రతి చరణానికీ ముందు, పాట అడుగున, ఎవరో గొణుగుతున్నారు.

"దెయ్యమేమో!" నవ్వాడు రికార్డింగ్ ఇంజనీరు.

ఆమెకి నవ్వు రాలేదు. ఇంట్లో కుళాయి తిప్పినా అదే గుసగుస. మూడు వారాలుగా కంటి మీద కునుకు లేదు.

"తీసిపారెయ్."

"కాపీ చేస్తుండగానే టేపు పొడిపొడిగా రాలిపోయింది. ఉన్నది ఇదొక్కటే. తీస్తే మళ్లీ రాదు."

"తీసెయ్యమన్నానా! ఇంకో కాపీ కూడా మిగల్చకు!"

తీసేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చాడు. ఇస్త్రీ చేసిన పాత కోటు. చేతిలో కచేరీ ప్రకటన పడ్డ పేపరు.

"ఆ టేపు మీ దగ్గరుందటగా అమ్మా. ఒక్కసారి వినొచ్చా?"

"మీరెవరండీ?"

"ఆ థియేటర్లో పనిచేసేవాణ్ని. స్టేజీ కింద."

వడ్రంగి కాబోలు అనుకుంది. ఊపిరి సలపని పనిలో ఉన్నా, కాదనలేక కుర్చీ చూపించింది.

పాట మొదలైంది. చరణం ముగిసినప్పుడల్లా ఆయన ముందుకి వంగి, చెవులు రిక్కించి, దేనికోసమో ఎదురుచూశాడు.

పాట అయిపోయింది.

"ఇందులో ఇంకో గొంతు ఉండాలి కదమ్మా?"

"అదా! నా ప్రాణం తోడేసిందండీ. నిన్ననే తుడిచేశాం."

"మొత్తమా?"

"మొత్తం. ఇప్పుడెంత హాయిగా ఉందో చూడండి."

ఆయన చేతిలోని పేపరు మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"బావుంది. ఆవిడ గొంతు ఎప్పుడూ బావుండేది" అని లేచాడు.

"కచేరీకి రండి, టికెట్ ఇప్పిస్తాను."

"వద్దులే తల్లీ."

కచేరీ నాడు హాలు కిక్కిరిసింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

గాయని కూతురు తెర వెనక్కి వచ్చి స్వరకర్త చేతులు పట్టుకుంది.

"అమ్మ బతికొచ్చినట్టే ఉంది. కానీ నాన్న గొంతు ఏదండీ?"

"నాన్నగారా?"

"ఆయన పోయి ఇవాళ్టికి పదో రోజు. ఇద్దరి గొంతులూ కలిసి ఉన్నది ఆ ఒక్క టేపులోనే అనేవారు. మీ దగ్గరికొచ్చి విన్నారట కూడా. ఎలా ఉంది నాన్నా అంటే, బావుందన్నారు. అంతే, ఇంకో మాట లేదు."

"స్టేజీ కింద పనిచేసేవాణ్నన్నారు, ఆయనేనా?" అంది స్వరకర్త.

కూతురు మెల్లగా అంది:

"చివరి రెండేళ్లూ అమ్మకి నా పేరు కూడా గుర్తుండేది కాదు. స్టేజీ కింద దాక్కుని, ఒక్కో మాటా చెవిన వేసి ఆవిడ చేత పాడించింది మా నాన్నే."