ఎవరి సిలిండర్ వాళ్ళదే

"సిలిండర్‌కి మీటరు పెట్టి ఆక్సిజన్ ఎంతుందో మీరే చూడాలి, అంకె మీరే రాయాలి, సంతకం మీరే పెట్టాలి. ఇందులో మొహమాటాల్లేవు టీచర్ గారూ," అంటూ శిక్షకుడు రిజిస్టరు ఆవిడ ముందుకు తోశాడు.

టీచర్ గారు రిజిస్టరు వంక చూడనైనా లేదు. యాభై దాటిన మనిషి, నల్లటి డైవింగ్ సూటులో ఊపిరాడక అవస్థ పడుతూ, కిటికీలోంచి రేవు వైపు చూస్తున్నారు.

"పడవ తొమ్మిదికి కదా బాబూ. ఎనిమిదీ యాభై అయిపోయింది."

"తెలుసండీ. సాయంత్రం పడవకి వెళ్దురుగాని."

"రేపు మధ్యాహ్నం నా విమానం. నీళ్ళలోంచి పైకొచ్చాక ఒక రోజు గడిస్తేగాని విమానం ఎక్కకూడదని చెప్పింది మీరే. నాకున్నది నాలుగు రోజుల సెలవు. పాఠాలు ఇంటి దగ్గరే ఫోన్లో చదువుకొచ్చాను. నిన్న పరీక్ష రాశాను. ఈ ఒక్క డైవూ అయితే సర్టిఫికెట్టు చేతికొస్తుంది. ఈ పడవ తప్పితే పడిన పాటంతా బూడిదలో పోసినట్టే."

"అయితే త్వరగా మీటరు పట్టుకోండి."

"ఇది ఒక పట్టాన కుదిరి చావట్లేదు. పొద్దున్న సిలిండర్లన్నీ మీరు చూశారుగా, ముప్ఫై రెండు అన్నారుగా. అదేదో మీరే వేసెయ్యండి."

శిక్షకుడు కలం ఆవిడ వైపు జరిపాడు.

నైట్రాక్స్ డైవింగ్ పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. మామూలు గాలిలో ఆక్సిజన్ నూటికి ఇరవై ఒక్క పాలుంటే ఈ సిలిండర్లలో ముప్ఫై రెండో, నలభయ్యో ఉంటుంది. దాంతో నీళ్ళ కింద ఎక్కువసేపు ఉండొచ్చు. కాకపోతే ఆ పాలు పెరిగినకొద్దీ దిగే లోతు తగ్గించుకోవాలి. లెక్క తప్పి లోతుకి పోయారా, బతికించాల్సిన ఆక్సిజనే ఫిట్లు తెప్పించి ప్రాణం తీస్తుంది. అందుకే ఎవరి సిలిండర్ వాళ్ళే చూసుకోవాలని నియమం. భార్యది భర్త చూడకూడదు, శిష్యుడిది గురువు చూడకూడదు.

పోయినేడు ఈ రేవు నుంచే వెళ్ళిన ఒకమ్మాయి అలాగే పోయింది. సిలిండర్‌లో ఉన్నది నలభై, రిజిస్టరులో ఉన్నది ముప్ఫై రెండు. విచారణకి వచ్చినవాళ్ళు రిజిస్టరు తిరగేశారు. పేరుకి ఎదురుగా సంతకం ఉండబట్టి, సరిగ్గా చూసుకోని తప్పు ఆ పిల్లదే అని తేల్చి వెళ్ళారు. కబురంది వచ్చిన ఆమె భర్త ఆ మాటే నమ్మి, తలొంచుకుని శవాన్ని తీసుకెళ్ళాడు. శిక్షకుడి లైసెన్సు గట్టెక్కింది గాని, ఇంకొక్క పొరపాటు జరిగితే నీ దారి నువ్వు చూసుకో అని ఓనరు మొహం మీదే చెప్పేశాడు. ఈ వయసులో వేరే పని నేర్చుకునే ఓపిక అతనికి లేదు.

"కుదరదండీ. తర్వాత నా పీకకి చుట్టుకుంటుంది," అన్నాడు.

"ఎవరు చూడొచ్చారు బాబూ."

బయటి నుంచి పడవ నడిపే సరంగు కేకేశాడు. "ఏవయ్యా, వస్తున్నారా లేదా? తాడు విప్పెయ్యమంటావా?"

"ఒక్క నిమిషం ఆగు," అని శిక్షకుడు అరిచాడు.

టీచర్ గారు మీటరు బల్ల మీద పెట్టేశారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి మాత్రం నిజం నీళ్ళే.

"ఈ చదువేమిటో తెలుసుకుని వస్తానని ఒక మనిషికి మాటిచ్చాను. ఉత్త చేతులతో ఎలా వెళ్ళను?"

శిక్షకుడికి జాలేసింది. వాళ్ళ పెద్దమ్మ వయసు మనిషి, పంతులమ్మగా బతికి ఉంటుంది, ఒకరిని దేబిరించడం అలవాటున్నట్టు లేదు. పైగా ఈ సిలిండర్‌లో ఎంతుందో ఈసారి తను కళ్ళారా చూశాడు. ముప్ఫై రెండంటే ముప్ఫై రెండే. ఇందులో ఎవరి ప్రాణానికీ వచ్చిన ముప్పు లేదు. సరంగు మళ్ళీ హారన్ కొట్టాడు.

"సరే, ఎక్కడా అనకండి," అని కలం అందుకున్నాడు. తేదీ వేశాడు. ఆక్సిజన్ ముప్ఫై రెండు, దిగదగ్గ లోతు ముప్ఫై నాలుగు మీటర్లు అని రాశాడు. పక్క గడిలో ఆవిడ పేరు గిలికి, కింద గీత గీసి, గీత కింద రెండు చుక్కలు పెట్టాడు. అంతా కలిపి పది సెకన్లు పట్టలేదు.

"పదండి, పదండి."

టీచర్ గారు కదల్లేదు. నీట మునగడానికి నడుముకి కట్టుకున్న సీసపు బెల్టు విప్పి నెమ్మదిగా కింద పెట్టారు. రిజిస్టరు తనవైపు తిప్పుకుని, ఆ సంతకాన్ని ఒక్క క్షణం చూసి, పేజీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. వెతుకుతున్నట్టు లేదు. ఏ తేదీ కావాలో ముందే తెలిసినట్టు తిప్పుతున్నారు.

"పడవ వెళ్ళిపోతుందండీ."

"వెళ్ళనీ."

తాడు విప్పిన చప్పుడూ, ఇంజను చప్పుడూ వినిపించాయి. ఆవిడ చెయ్యి ఒక పేజీ దగ్గర ఆగింది. ఏడాదిగా శిక్షకుడు పొరపాటున కూడా తెరవని పేజీ అది. ఆవిడ వేలు వరసలమ్మట దిగుతూ వచ్చి, పోయిన అమ్మాయి పేరు దగ్గర నిలిచింది. పక్క గడిలో సంతకం ఉంది. దాని కింద గీత, గీత కింద రెండు చుక్కలు.

శిక్షకుడు రిజిస్టరు మూసెయ్యబోయాడు. ఆవిడ వేలు తియ్యలేదు.

"మా అమ్మాయికి సంతకం కింద గీత గీసే అలవాటు లేదు బాబూ," అన్నారు టీచర్ గారు.